‘ఎ’ గ్రేడు వచ్చిన స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే, అసలు దేనికి వచ్చినట్టు?

కొత్త_కాపురం (డాలస్ ఉత్తర శివారు):

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో మేము డాలస్ ఉత్తరాన ఇల్లు తీసుకుందామనుకుంటున్నాం. పాప నాలుగో తరగతికి, బాబు కిండర్‌గార్టెన్‌కి వెళ్లాలి. రెండు ఇళ్లు నచ్చాయి. వాటి మధ్య దూరం కారులో పదిహేను నిమిషాలే గానీ, ఒకటి ‘ఎ’ గ్రేడు వచ్చిన ఐఎస్‌డీలో (అంటే ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్టులో) ఉంది, రెండోది ‘బి’ గ్రేడు వచ్చిన దాంట్లో ఉంది. ధరలో తేడా మాకు చిన్నది కాదు. ‘ఎ’ ఉన్నచోట కళ్లు మూసుకుని కొనేయమని తెలిసినవాళ్లందరూ చెబుతున్నారు. అసలు ఆ అక్షరం దేన్ని కొలుస్తుందో, స్కూల్ డిస్ట్రిక్ట్ సరిగా పనిచేయకపోతే రాష్ట్రం ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

ఇంకొక సందేహం కూడా ఉంది. బడిలో చేర్చే కాగితాల్లో ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారని అడిగారు. ‘ఇంగ్లిష్’ అని రాయమని, లేకపోతే పిల్లవాడిని వేరే తరగతిలో కూర్చోబెడతారని, బడి రేటింగ్‌కి కూడా అది మంచిది కాదని స్నేహితులు అంటున్నారు. ఆ కాగితం ఇంకా బల్ల మీదే ఉంది. ఈ రెండు విషయాలూ తెలిసినవారు దయచేసి వివరించగలరు.

అంకెల_గుమాస్తా (ఒక ఐఎస్‌డీ మూల్యాంకన విభాగంలో ఉద్యోగి):

ఇది నా రోజువారీ పని కాబట్టి లెక్క నేను చెబుతాను.

టెక్సాస్‌లో 1993 నుంచే బడులకు జవాబుదారీ విధానం ఉంది. ఇప్పటి ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాల పద్ధతిని 2017లో చట్టం చేశారు. డిస్ట్రిక్టులకు 2018లోనూ, విడివిడి బడులకు 2019లోనూ మొదటిసారి అక్షరాలు ఇచ్చారు. 90 నుంచి 100 దాకా ఎ, 80లలో బి, 70లలో సి, 60లలో డి, అంతకు తక్కువైతే ఎఫ్.

ఆ అంకె మూడు భాగాల నుంచి వస్తుంది. మొదటిది విద్యార్థుల సాధన, అంటే రాష్ట్రం ఏటా పెట్టే స్టార్ అనే పరీక్షలో ఎంతమంది ఏ మెట్టు మీద ఉన్నారన్నది. రెండోది పురోగతి, అంటే నిరుటి కంటే పిల్లలు ఎంత ముందుకు వచ్చారు, ఇంతే పేదరికం ఉన్న ఇతర బడులతో పోలిస్తే ఎలా ఉన్నారు అన్నది. మూడోది అంతరాల తగ్గింపు: పేద పిల్లలు, ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్నవాళ్లు, ప్రత్యేక అవసరాలున్నవాళ్లు, వేర్వేరు జాతుల పిల్లలు, ఇలా ఒక్కో వర్గాన్నీ విడదీసి చూస్తారు. సాధన, పురోగతి రెంటిలో ఏది ఎక్కువైతే దానికి 70 శాతం, అంతరాల తగ్గింపుకు 30 శాతం బరువు.

ఒక ఊహాజనితమైన లెక్క వేద్దాం. ఒక బడికి సాధనలో 92, అంతరాల తగ్గింపులో 80 వచ్చాయనుకోండి. 64.4కి 24 కలిపితే 88.4, అంటే బి. పక్క ఊరి బడికి సాధన చాలా తక్కువగా ఉండి, పురోగతిలో 88, అంతరాల తగ్గింపులో 96 వచ్చాయనుకోండి. 61.6కి 28.8 కలిపితే 90.4, అంటే ఎ. ఏ వీధిలో ఇళ్ల ధర ఎక్కువని అడిగితే మొదటి బడి ఉన్న వీధిలోనే ఉంటుంది. రెండు అక్షరాలను పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు ఏది దేని వల్ల వచ్చిందో చూడకపోతే ఆ పోలికకు అర్థం లేదు.

డిస్ట్రిక్టు అంకె 2023 లెక్కల నుంచి దాని బడుల అంకెలను, పిల్లల సంఖ్యను బట్టి బరువు వేసి కలిపి తీసినది. కాబట్టి ‘ఎ’ డిస్ట్రిక్టులో ‘సి’ బడి ఉండవచ్చు, ‘బి’ డిస్ట్రిక్టులో ‘ఎ’ బడి ఉండవచ్చు. మీరు చూడవలసింది మీ ఇంటి నంబరు ఏ బడి పరిధిలోకి వస్తుందన్నది. ఇళ్ల అమ్మకాల సైట్లలో పదికి ఇంత అని కనిపించేది రాష్ట్రం ఇచ్చిన అంకె కాదు, దానిని దీనితో కలపకండి.

పంతులమ్మ_5వ_తరగతి (హ్యూస్టన్ ప్రాంతం):

లెక్క చక్కగా చెప్పారండీ. ఆ లెక్క తరగతి గదిలోకి వచ్చేటప్పటికి ఏమవుతుందో నేను చెబుతాను. పదకొండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను.

నేను మొదట పనిచేసిన బడిలో టీచర్ల గదిలో ఒక గోడంతా రంగు కార్డులు అంటించి ఉండేవి. పేరు రాయకూడదు కాబట్టి ఒక్కో పిల్లవాడికి ఒక నంబరు. గట్టెక్కినవాళ్లు ఆకుపచ్చ, గీతకు కాస్త కింద ఉన్నవాళ్లు పసుపు, బాగా కింద ఉన్నవాళ్లు ఎరుపు. జనవరి నెల సమావేశంలో, ఇక ఏప్రిల్ దాకా మధ్యాహ్నం ప్రత్యేక పాఠం పసుపు కార్డుల వాళ్లకు మాత్రమే చెప్పాలన్నారు. ఎరుపు వాళ్లు ఎలాగూ దాటరు, ఆకుపచ్చ వాళ్లు ఎలాగూ దాటేశారు, చేతనైన సాయం ఫలితం వచ్చేచోట చేయాలి అన్నది అక్కడి తర్కం.

నా దగ్గర ఎరుపు కార్డున్న పిల్లవాడు ఒకడు ఉండేవాడు. భిన్నాలంటే వణికేవాడు. అక్టోబరులో ఒకరోజు కాగితం పట్టీలను మడత పెట్టి, ఒకదాన్ని నాలుగు భాగాలు, ఇంకొకదాన్ని ఎనిమిది భాగాలు చేసి, మూడు నాలుగోవంతులు పెద్దదా ఐదు ఎనిమిదోవంతులు పెద్దదా అని అడిగాను. వాడు రెండు పట్టీలూ ఒకదాని కింద ఒకటి పెట్టి, కిటికీ వెలుగులోకి పట్టుకుని, మడతలు లెక్కపెట్టి, ‘‘ఇది ఒక ముక్క ఎక్కువ’’ అన్నాడు. ఆ ఒక ముక్క ఎనిమిదోవంతు అని వాడికి అప్పుడు తెలియదు, జనవరికి తెలిసింది. సరిగ్గా అప్పుడే వాడి అరగంట ఆపేశారు. ఏడాది చివర పరీక్షలో వాడు గట్టెక్కలేదు. గోడ మీద కార్డు రంగు మారలేదు.

రేటింగులు వద్దని నేను అనడం లేదు. రేటింగు వల్ల ఏ పిల్లవాడి అరగంట ఎవరికి వెళుతోందో తల్లిదండ్రులు అడగాలి.

అంకెల_గుమాస్తా:

పంతులమ్మగారూ, మీరు చెప్పింది నేనూ చూశాను, కాదనను. అయితే లెక్కలో ఒక మార్పు జరిగిన సంగతి ఇక్కడ నమోదు కావాలి. 2023 నుంచి పురోగతి లెక్కలో, గట్టెక్కని మెట్టును కూడా కింది సగం, పై సగం అని రెండుగా విడదీశారు. మీ పిల్లవాడు కింది సగం నుంచి పై సగానికి వస్తే, పరీక్ష తప్పినా బడికి ఆ ఎదుగుదల లెక్కలోకి వస్తుంది. తప్పిన పిల్లవాడు మరుసటి ఏడు గట్టెక్కితే అదనంగా ఇంకొంత కలుస్తుంది.

సాధన భాగంలో కూడా గీత ఒక్కటే కాదు. చేరువయ్యారు, అందుకున్నారు, ప్రావీణ్యం పొందారు అని మూడు గీతలు. నూరుమందిలో మొదటి గీత 80 మంది, రెండోది 52 మంది, మూడోది 24 మంది దాటితే, మూడు అంకెలనూ కలిపి మూడుతో భాగిస్తారు: 156లో మూడోవంతు, అంటే 52. ఆ 52ని మళ్లీ పట్టిక ప్రకారం నూరు మీదకు మారుస్తారు. అంటే బాగా చదివే పిల్లను రెండో గీత నుంచి మూడో గీతకు తెచ్చినా, వెనకబడినవాడిని మొదటి గీత దాటించినా బడికి దక్కేది సమానమే. కాగితం మీద పసుపు కార్డుల వాళ్లకే మేలు చేసే లెక్క కాదిది.

పంతులమ్మ_5వ_తరగతి:

కాగితం మీద కాదు, నిజమే. ఆ పట్టికను మా సమావేశంలో పూర్తిగా చదివినవాళ్లు లేరు. భయంతో నిర్ణయాలు తీసుకునేచోట పాత అలవాటే రాజ్యమేలుతుంది. మీలాంటివారు బడులకు వచ్చి, ఎరుపు కార్డు కదిలినా లెక్కేనని నోటితో చెప్పాలి. అది మీ విభాగం బాధ్యత అని నా అభిప్రాయం.

అంకెల_గుమాస్తా:

ఒప్పుకుంటున్నాను. మేము పట్టికలు పంపించి పని అయిపోయిందనుకుంటాం. అది మా తప్పే.

గోదావరి_మాస్టారు (విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు):

నా మనవడు అక్కడే ఐదో తరగతి చదువుతున్నాడు కాబట్టి ఈ చర్చ శ్రద్ధగా చదివాను. ఇక్కడ పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు ఏ జిల్లా మొదటి స్థానంలో ఉందో, ఏది ఆఖరున ఉందో పత్రికల్లో వస్తుంది. ఆ వరుస పట్టుకుని జిల్లా నుంచి మండలానికి, మండలం నుంచి బడికి సమీక్షలు దిగుతాయి. నేను ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నన్నాళ్లూ ఆ సమీక్షల్లో లేచి నిలబడి ఉత్తీర్ణతా శాతం చెప్పాను. అక్కడ గీత ఒక్కటే, ముప్పై ఐదు మార్కులు. ముప్పై ఆరు వచ్చినవాడూ తొంభై వచ్చినవాడూ ఆ శాతంలో ఒకటే. పన్నెండు మార్కుల నుంచి ముప్పైకి వచ్చిన పిల్ల ఎక్కడా కనిపించదు. అటువంటి పిల్లకు లెక్కలో చోటిచ్చారంటే, బాబూ, నాకు అది చిన్న విషయంగా తోచడం లేదు.

ఒక సంగతి చెప్పాలి. బలహీనంగా ఉన్నవాళ్లను తొమ్మిదిలోనే ఆపితే పదిలో నూటికి నూరు వస్తుందని నాకు ఒక పెద్ద మనిషి సలహా ఇచ్చారు. నేను వినలేదు. ఆ ఏడు మా శాతం తగ్గింది. సమీక్షలో మాట పడ్డాను. ఆ ఏడు పది తప్పిన ముగ్గురిలో ఇద్దరు సప్లిమెంటరీలో గట్టెక్కారు.

హ్యూస్టన్_పొరుగు (హ్యూస్టన్ దగ్గరి మరో డిస్ట్రిక్ట్):

మాస్టారుగారికి నమస్కారం. మీరు వినని సలహాను ఇక్కడ ఒక ఊళ్లో అమలు చేశారు. టెక్సాస్‌లోని ఎల్ పాసోలో సూపరింటెండెంట్‌గా, అంటే డిస్ట్రిక్టు బడుల ముఖ్య అధికారిగా ఉన్న లొరెంజో గార్సియా హయాంలో, పరీక్ష పదో తరగతిలో ఉన్నందున, తక్కువ మార్కులు వస్తాయనుకున్న పిల్లలను తొమ్మిదిలోనే ఆపారు, లేదా పది దాటించి నేరుగా పదకొండులో వేశారు. ఇంగ్లిష్ అంతగా రాని పిల్లలే అందులో ఎక్కువగా నష్టపోయారు. 2012లో ఆయనకు జైలు శిక్ష పడింది. జార్జియాలోని అట్లాంటాలో జరిగింది ఇంకా పెద్దది. టీచర్లే పిల్లల జవాబు పత్రాలు దిద్దారు. 2011 నాటి రాష్ట్ర విచారణలో 44 బడుల్లో 178 మంది ఉపాధ్యాయులు, ప్రిన్సిపాళ్ల పేర్లు బయటపడ్డాయి, 2015లో పదకొండు మంది దోషులుగా తేలారు.

2002 జనవరిలో జార్జ్ బుష్ సంతకం చేసిన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ అనే దేశవ్యాప్త చట్టం, 2014 నాటికి పిల్లలందరూ నూటికి నూరు శాతం గట్టెక్కాలని గడువు పెట్టింది. ఏటా లక్ష్యం పెరుగుతూ పోయింది. 2015 డిసెంబరులో వచ్చిన చట్టం ఆ గడువును తీసేసి, చర్య తీసుకునే పనిని చాలావరకు రాష్ట్రాలకే వదిలింది. అయితే ఆ పాత చట్టంలో ఒక మంచి మిగిలింది, దాన్ని మనం మరిచిపోకూడదు. ఫలితాలను వర్గాల వారీగా విడదీసి బయటపెట్టాలన్న నియమం అది. సగటు ఘనంగా ఉన్న డిస్ట్రిక్టు తన పేద పిల్లలను ఆ సగటు వెనక దాచకుండా ఆపింది ఆ నియమమే.

కొత్త_కాపురం:

మీరందరూ ఇంత ఓపికగా రాస్తున్నందుకు కృతజ్ఞతలు. డిస్ట్రిక్టు సరిగా పనిచేయకపోతే రాష్ట్రం ఏం చేస్తుందన్న ప్రశ్న ఇంకా మిగిలింది. హ్యూస్టన్ సంగతి వార్తల్లో చదివాను గానీ పూర్తిగా అర్థం కాలేదు.

హ్యూస్టన్_పొరుగు:

2015లో టెక్సాస్ శాసనసభ ఒక చట్టం చేసింది. ఒక్క బడికి వరుసగా ఐదేళ్లు తప్పిన రేటింగ్ వస్తే, రాష్ట్ర విద్యా కమిషనర్ ఆ బడిని మూయించాలి, లేదా మొత్తం డిస్ట్రిక్టుకు ఎన్నికైన బోర్డు స్థానంలో తాను నియమించిన బోర్డును పెట్టాలి. హ్యూస్టన్‌లో వీట్లీ హైస్కూల్ విషయంలో ఇదే జరిగింది. 2019లోనే స్వాధీనం ప్రకటించారు, కోర్టులో ఆగింది. ఈలోగా 2022లో వీట్లీకి సి గ్రేడు వచ్చింది. అయినా 2023 జనవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు అడ్డు తొలగించింది. జూన్ 1న తొమ్మిది మంది నియమిత సభ్యుల బోర్డు, మైక్ మైల్స్ అనే కొత్త సూపరింటెండెంట్ వచ్చారు. అప్పటికి దాదాపు లక్షా తొంభై వేల మంది పిల్లలున్న డిస్ట్రిక్టు అది.

ఫలితం గురించి రెండు మాటలూ చెప్పాలి. 2025 ఏడాది రేటింగుల్లో అక్కడ ఎఫ్ వచ్చిన బడి లేదు. అంతకు ముందు ఎన్నో ఉండేవి. ఆ బడుల్లో చదివే పిల్లల తల్లిదండ్రులకు అది చిన్న మాట కాదు. ఇంకోవైపు ఎన్నో బడుల్లో లైబ్రరీ గదులను మార్చేశారు, టీచర్లు పెద్ద సంఖ్యలో వెళ్లిపోయారు, ఓటు వేసి ఎన్నుకున్న బోర్డు చేతిలో అధికారం లేదు, ఈ ఏర్పాటును 2027 దాకా పొడిగించారు. పన్ను కట్టే ఊరివాళ్లు తమ బడి గురించి జవాబు అడగడానికి ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్న ప్రశ్న నన్ను వదలదు.

ఫోర్ట్ వర్త్ ఉదాహరణ మరీ బాధిస్తుంది. 2025 అక్టోబరులో ఆ డిస్ట్రిక్టునూ స్వాధీనం చేసుకుంటున్నట్టు కమిషనర్ మైక్ మోరత్ ప్రకటించారు. కారణం ఒక ఆరో తరగతి బడికి వచ్చిన ఐదో ఎఫ్. ఆ ఎఫ్ 2023 ఏడాదిది. దావాల వల్ల 2023 రేటింగులు 2025 ఏప్రిల్‌లో గానీ బయటకు రాలేదు. ఆ లోపు డిస్ట్రిక్టు ఆ బడిని మూసేసింది కూడా. లేని బడి వల్ల ఉన్న బడులన్నిటికీ కొత్త పాలన వచ్చింది.

అంకెల_గుమాస్తా:

ఆ దావాల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీరు పోల్చే అక్షరాలకూ దానికీ సంబంధం ఉంది. హైస్కూల్‌కైతే సాధన భాగంలో స్టార్ పరీక్ష 40 శాతం, పై చదువుకూ ఉద్యోగానికీ సైన్యానికీ సిద్ధంగా ఉన్న పిల్లల వాటా 40 శాతం, హైస్కూల్ చదువు పూర్తిచేసినవాళ్ల వాటా 20 శాతం. ఆ రెండో దానిలో ఎ రావడానికి పాత హద్దు 60 ఉండేది. 2023 రేటింగులకు దాన్ని ఒక్కసారిగా 88 చేశారు. ఆ లెక్క అప్పటికే బడి వదిలి వెళ్లిపోయిన పిల్లలది. నూటికి పైగా డిస్ట్రిక్టులు కోర్టుకు వెళ్లాయి. 2024 రేటింగులూ ఇంకొక దావాలో ఆగి, చివరికి 2025 ఆగస్టులో ఆ ఏడాది రేటింగులతో కలిపి వచ్చాయి.

హద్దు పెంచడాన్ని నేను వ్యతిరేకించను. 60 దగ్గర చాలామందికి ఎ వచ్చేస్తే, ఆ ఎకి విలువ లేదు. ఆట ముగిశాక గోలు స్తంభాలు జరపడం మాత్రం న్యాయం కాదు. కొత్తవాళ్లకు ఒక హెచ్చరిక: 2022 అక్షరాన్నీ 2025 అక్షరాన్నీ పక్కపక్కన పెట్టి బడి దిగజారిందని అనుకోవద్దు. 2022లో కోవిడ్ తర్వాతి సడలింపు వల్ల డి, ఎఫ్ రావలసిన బడులకు అసలు అక్షరమే ఇవ్వలేదు. 2020, 2021లో ఎవరికీ లేదు.

పరీక్ష కూడా మారబోతోంది. 2027-28 నుంచి స్టార్ స్థానంలో ఏడాది మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి, మూడు చిన్న పరీక్షలు పెట్టాలని 2025లో చట్టం చేశారు.

పంతులమ్మ_5వ_తరగతి:

మూడు చిన్నవాటి వల్ల మూడు గోడలు తయారవకుండా చూసుకోవాలి. అయితే మొదట్లోనే పెట్టే పరీక్ష ఉంటే, పిల్లవాడు ఎక్కడ మొదలయ్యాడో ఆ ఏడే తెలుస్తుంది. నా ఎరుపు కార్డు పిల్లవాడికి అది మేలు చేసేది.

ఇక భాష కాగితం గురించి. కొత్త కాపురం గారూ, ఇంట్లో మాట్లాడేది తెలుగే అయితే ‘తెలుగు’ అనే రాయండి. అలా రాస్తే మీ బాబుకు చిన్న ఇంగ్లిష్ పరీక్ష పెడతారు. బాగా వస్తే విషయం అక్కడితో అయిపోతుంది. రాకపోతే, ఆ సాయం చేయడం బడికి చట్టపరమైన బాధ్యత అవుతుంది. దాన్ని తెలివి తక్కువతనంగా ఎవరూ లెక్కపెట్టరు. మన ఇళ్లలో చాలామంది ఇంగ్లిష్ అని రాస్తారు. నా తరగతికి అలా వచ్చిన ఒక తెలుగు పాప, లెక్క బాగా చేసి, వాక్యాల్లో ఇచ్చిన లెక్కలో ‘మిగిలినవి’ అన్న అర్థమిచ్చే మాట తెలియక కూడేసేది. కాగితం ప్రకారం ఆమెది ఇంగ్లిష్ ఇల్లు కాబట్టి సాయం రావడానికి ఏడాది పట్టింది.

అంకెల_గుమాస్తా:

రేటింగ్ దెబ్బతింటుందన్న మాటకు నేను జవాబిస్తాను. ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలకు కిండర్‌గార్టెన్ నుంచే టెల్‌పాస్ అనే పరీక్ష ఉంటుంది. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం అందులో చూస్తారు. ఆ పిల్లలు ఏడాదిలో ఒక మెట్టు ఎక్కితే అంతరాల తగ్గింపు భాగంలో బడికే మేలు. స్టార్ పరీక్ష మూడో తరగతి నుంచి మొదలవుతుంది కాబట్టి, టెల్‌పాస్ తప్ప, మీ బాబు వయసు పిల్లల చదువు ఇంకా మూడేళ్ల పాటు బడి రేటింగులో కనిపించదు. కిండర్‌గార్టెన్ నుంచి రెండో తరగతి దాకా మాత్రమే ఉన్న బడులైతే వేరే బడి అంకెనే అరువు తెచ్చుకుంటాయి. పాప విషయంలో మాత్రం ఆ బడి పురోగతి భాగం తీసి చూడండి.

కొత్త_కాపురం:

రెండు బడుల వివరాలూ నిన్న రాత్రి రాష్ట్ర విద్యాశాఖ సైటులో విప్పి చూశాం. ‘ఎ’ డిస్ట్రిక్టులో మా ఇంటి పరిధిలోకి వచ్చే బడికి సాధన ఎక్కువ, పురోగతి బాగా తక్కువ. ‘బి’ డిస్ట్రిక్టు బడిలో పురోగతి ఎక్కువ, ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లల వరుసలో కూడా మంచి అంకెలు ఉన్నాయి. ఇల్లు ఇంకా తేల్చుకోలేదు. మా ఆవిడకు మొదటి ఇంటి వంటగది నచ్చింది, నాకు రెండో ఇంటి ధర నచ్చింది. సోమవారం రెండో బడికి వెళ్లి, మధ్యాహ్నం ప్రత్యేక పాఠం ఎవరికి చెబుతారని అడగబోతున్నాం. కాగితంలో ‘తెలుగు’ అని రాసి సంతకం చేశాను.

పంతులమ్మ_5వ_తరగతి:

వెళ్లినప్పుడు జనవరి తర్వాత ఎవరికి చెబుతారని కూడా అడగండి. సెప్టెంబరులో అందరికీ చెబుతారు.